అవతలి ఒడ్డు టవర్

"ముందు ఏ పెట్టెలో పెట్టావో చెప్పు పిన్నీ" అన్నాడు రాదిసావ్, గుమ్మంలో బూట్లు విప్పుతూనే. "సిగ్నల్ చూడాలి."

స్టమేనా కిటికీ వైపు గడ్డం ఎగరేసింది. "ఆ వరస చివర."

పెరట్లో అకేసియా చెట్ల కింద తేనెపెట్టెలు వరసగా ఉన్నాయి. చివర నీలం రంగుది. రాదిసావ్ దాన్ని తేరిపార చూశాడు. తృప్తిగా కుర్చీ లాక్కున్నాడు.

ఆమె ఆనవాయితీ ప్రకారం చెంచాడు పళ్ళపాకం, గ్లాసుడు నీళ్ళు ముందు పెట్టింది. కాఫీ పొయ్యి మీదుంది.

"పొద్దున్నే రమ్మంటే ఇప్పుడా రావడం?"

"ఏం చెయ్యను? నది ఒడ్డున పాత మిల్లు అద్దెకు తీసుకున్నా కదా. ఫోన్ రిపేరు దుకాణం సామాను అక్కడ సర్దుతున్నా. కొత్త తాళం కూడా వేశా. గొడ్డలితో కొట్టినా ఊడదు."

"నీ పాత ఫోన్లకి అంత తాళమా?"

"రోజులు బాగాలేవు పిన్నీ. నీకు తెలియందా?"

ఆమెకు తెలుసు. ఈ వసంతంలో ఆమె తేనెపెట్టెలు ఐదు పోయాయి. మొగుడు పోయినప్పుడు ఊరంతా వచ్చి ఏడ్చింది. పెట్టెలు పోయినప్పుడు ఒక్కరూ రాలేదు. పోలీసు వచ్చాడు. కాఫీ తాగాడు. రాసుకుని పోయాడు.

అకేసియా పూత పది రోజులు. ఆ పది రోజుల తేనే ఆమెకు ఏడాది తిండి. పూత ఎల్లుండి మొదలు. ఆ లెక్క దొంగకూ తెలుసు.

"ఐదు పోయాక గానీ బుద్ధి రాలేదు" అంది స్టమేనా. "పట్నంలో ఈ జాడ చెప్పే యంత్రం కొన్నా. అగ్గిపెట్టంత ఉంది. పెట్టె అడుగున మైనంతో అతికించా. ఫోన్ నుంచి మెసేజ్ పెడితే 'సరే' అంటుంది. ఫోన్ పటంలో మాత్రం కనిపించి చావదు."

"ఊడదీసుకురా, చూస్తా."

"ఇప్పుడు తియ్యడం నా వల్ల కాదురా."

రాదిసావ్ నవ్వాడు. "ఇన్నేళ్ళు తేనెటీగల్ని పెంచి, ఇప్పుడు కుడతాయని భయమా? సరేలే. ఇక్కడ కూర్చునే బాగుచేస్తా. అన్నీ మెసేజ్‌లతోనే. ఈ విద్య ఊళ్ళో నాకొక్కడికే తెలుసు."

ఆమె ఫోన్ అందుకున్నాడు. వేళ్ళు చకచకా ఆడాయి.

"ఇదిగో తప్పు. యంత్రంలో సిమ్ ఒక కంపెనీది, అమ్మినవాడు రాసింది ఇంకో కంపెనీ పేరు. నెట్‌లోకి వెళ్ళడానికి ప్రతి కంపెనీకీ ఒక గుమ్మం ఉంటుంది పిన్నీ. నీ యంత్రం పక్కింటి గుమ్మంలో నిలబడి తలుపు కొడుతోంది."

"అమ్మినవాడి మొహం మండ."

రాదిసావ్ సరైన పేరు కొట్టి పంపాడు. 'సరే' అని జవాబొచ్చింది. పటం తెరిచాడు. ఖాళీ.

అతని మొహం ముడుచుకుంది. స్థితి చెప్పమని ఇంకో మెసేజ్ పెట్టాడు. జవాబు చదివి ఈల వేశాడు.

"రుమేనియా టవర్ పట్టుకుందే!"

"అంటే?"

"నదికి అవతలి ఒడ్డు టవర్. పరాయి దేశం నెట్ వాడొద్దని యంత్రంలో కట్టడి పెట్టి ఉంది. అందుకే నోరు మూసుకుంది." అతను తల గోక్కున్నాడు. "వింతే. కొండ అడ్డం, ఇక్కడికి ఆ టవర్ అందదు. కింద నది దగ్గరైతే సరే."

"మరి ఇక్కడెలా అందింది?"

"గాలివాటం."

"టవర్‌కి గాలేంట్రా, పడవా?"

"ఇవన్నీ నీకు అర్థం కావు పిన్నీ. కాఫీ పొంగుతోంది, చూసుకో."

ఆమె కాఫీ వంచింది. చిన్న గ్లాసులో పళ్ళసారా, రాకియా కూడా పోసింది. అతను ఒక్క గుటకలో తాగి మూతి తుడుచుకున్నాడు.

"ఈ యంత్రం సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకే."

"మంచి పని చేశావ్. ఊళ్ళో ఎవర్నీ నమ్మకు."

"నమ్మను."

"రాత్రుళ్ళు కాపలా కాస్తున్నావా?"

"మోకాళ్ళు సహకరించవురా. మాత్ర వేసుకుని పడుకుంటా."

"అదే నయం. నిద్ర ముఖ్యం."

కట్టడి తీసెయ్యమని ఆఖరి మెసేజ్ కొట్టాడు. ఇద్దరూ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నారు. ఒక నిమిషం. రెండు. గోడ మీద సెయింట్ జార్జ్ బొమ్మ కింద దీపం చిటపటలాడింది.

'సరే.'

"అదీ!" రాదిసావ్ బల్ల మీద చరిచాడు. "డబ్బులొద్దు పిన్నీ. అకేసియా తేనె ఒక సీసా ఇవ్వు చాలు. కొత్తది."

"తేనె వస్తే మొదటి సీసా నీదే."

"పటం వస్తోంది. ఇదిగో, పట్టుకో." ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "నీ పెట్టె ఎక్కడుందో నీ కళ్ళతో నువ్వే చూసుకో."

స్టమేనా కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. పటం మెల్లగా విచ్చుకుంది. మొదట చర్చి వచ్చింది. తర్వాత బడి. తర్వాత కొండ దిగే బాట.

రాదిసావ్ చెంచాకి అంటుకున్న పాకం నాకుతున్నాడు.

ఈ తెల్లవారుజామున ఆ వరస చివర నుంచి మాయమైన ఆరో పెట్టె, ఆమె ఇంకా ఎవరికీ చెప్పని ఆ పెట్టె, నది ఒడ్డున పాత మిల్లులో, కొత్త తాళం వెనక, ఎర్ర చుక్కై మిణుకుతోంది.