వెంట్రుకవాసి తేడా

"ట్రైనింగు నాలుగు రోజులే. నేను తిరిగొచ్చేసరికి హాలుకి రంగు పడిందా, సరే. పడలేదా, తమ్ముణ్ణి పిలిపిస్తాను," అంది భార్య, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ.

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూ బజారంతటినీ గడగడలాడించే మనిషికి లోకంలో భయమంటూ ఉన్నది బావమరిది ఒక్కడంటేనే. పోయినసారి కుళాయి బాగుచేస్తానని వచ్చిన ఆ మహానుభావుడు నలభై రోజులు ఉండిపోయాడు. ఇన్‌స్పెక్టరుగారి పడక కుర్చీలో తను పడుకున్నాడు, ఇన్‌స్పెక్టరు కంటే ముందు పేపరు చదివాడు, స్క్రూడ్రైవరు ఎలా పట్టుకోవాలో ఇన్‌స్పెక్టరుకే నేర్పాడు. కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది.

"మధ్యలో వాడెందుకు? నా ఇంటికి నేను రంగేసుకోలేనా?"

"మొన్న మీరు మేకు కొడితే గోడకి కిటికీ పడింది."

"అది గోడ తప్పు."

"ఆడలేక మద్దెల ఓడన్నారట. సర్లెండి. ప్రయోగాలు మాత్రం చేయకండి. మనం ఈ ఇంట్లో దిగినప్పుడు ఏ రంగుందో అదే వేయండి," అని సంచి భుజాన తగిలించుకుని ఆమె వెళ్ళిపోయింది.

ఆ రంగు పేరేమిటో అతనికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు, గోడ ఎదురుగానే ఉంది కదా. వంటింటి కత్తితో కిటికీ పక్కన గోరంత పెచ్చు ఊడదీసి, కాగితంలో చుట్టి, రంగుల దుకాణానికి పట్టుకెళ్ళాడు.

దుకాణదారు పెచ్చును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "ఇదేనా సార్ కావాల్సింది?"

"అచ్చం ఇదే. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఊరుకోను."

"ఒక్క మాట చెప్పనా సార్..."

"చెప్పుదువుగాని. ముందు నీ కొలత డబ్బా మీద సర్కారు ముద్ర ఉందేమో చూడనా?"

దుకాణదారు మాట మింగేసి, పెచ్చును రంగు పోల్చి కలిపే మిషను కింద పెట్టాడు. "ఈ రంగు కావాలని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు సార్," అన్నాడు డబ్బాలు అందిస్తూ. ఇన్‌స్పెక్టరు దాన్ని తన అభిరుచికి దక్కిన మెప్పుగా జమకట్టుకున్నాడు. భార్యకి రంగు వాసన పడదు కాబట్టి, వాసన రాని రకమే అడిగి మరీ కలిపించుకున్నాడు.

మూడు రోజులు ఒళ్ళు హూనం చేసుకున్నాడు. బల్ల మీద స్టూలు వేసి ఎక్కాడు, రెండుసార్లు చెప్పకుండా దిగాడు. మెడ పట్టేసింది. రంగు ఎండి మీసం గట్టిపడి తినడానికి అడ్డొచ్చింది. కానీ రంగు మాత్రం ఎంత చక్కగా కలిసిపోయిందంటే, టీ తాగి వచ్చేసరికి ఎక్కడిదాకా వేశాడో అతనికే తెలిసేది కాదు. గోడ తడిమి చూసుకుంటూ వెళ్ళి, తడి తగిలిన చోట మళ్ళీ మొదలుపెట్టేవాడు. మిషనంటే ఇలా ఉండాలని మురిసిపోయాడు.

బీరువా జరిపినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. దాని వెనక గోడ, సరిగ్గా బీరువా మేర, లేత పసుపుగా ఉంది. గడియారం తీస్తే దాని కిందా అంతే, గుండ్రంగా. "దొంగ వెధవ. కనపడని చోట కదా అని చేతికందిన డబ్బా పూసి పోయాడు," అని ఇంటికి మొదట రంగేసిన పెయింటర్ని తిట్టుకున్నాడు. కల్తీని సహించే మనిషి కాదు. ఆ పసుపు మచ్చల మీద ఒకటికి మూడు పూతలు వేసి, ఆనవాలు లేకుండా చేశాక గానీ మనసు కుదుటపడలేదు.

నాలుగో రోజు నేల మీద చుక్క లేకుండా గీకి కడిగాడు. డబ్బాలు, బ్రష్షులు, పరిచిన పేపర్లు అన్నీ చెత్తబండికెత్తాడు. బీరువానీ గడియారాన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. రెండుసార్లు ఒళ్ళు తోముకుని, ఉతికిన చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బావమరిది పీడ విరగడైనందుకు ప్రాణం హాయిగా ఉంది.

భార్య వచ్చింది. హాలు మధ్యలో నిలబడి నాలుగు గోడలూ తీరిగ్గా చూసింది.

"నాలుగు రోజులూ పడుకున్నారన్నమాట."

"పడుకోవడమేంటి? వేశాను కదా."

"ఏదీ?"

"నీ ఎదురుగానే ఉంది. చూడు, పాతదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా ఉందా?"

"నేననేదీ అదే. చేతికి చుక్క రంగు లేదు, ఇంట్లో ఒక్క డబ్బా లేదు. అబద్ధమైనా అతికినట్టుండాలండీ." సంచి కింద పెట్టి, కాస్త మెత్తబడింది. "పోన్లెండి, వేయకపోవడమే మేలైంది. ఈ పన్నెండేళ్ళ పొగా దుమ్మూ చూసి ఇదే మన రంగనుకుని, ఇదే కలిపించుకొచ్చేవారు. మీకు తగ్గ పనే అది."

ఇన్‌స్పెక్టరు దువ్వుకున్న మీసాన్నే మళ్ళీ దువ్వుకున్నాడు.

"అసలు రంగు లేత పసుపండీ. బీరువా వెనక భద్రంగా ఉంటుంది. అక్కడ చిన్న పెచ్చు తీసుకెళ్ళి చూపిస్తే సరి. రేపు మీరే మొదలుపెట్టండి, తమ్ముణ్ణి పిలవను."

"ఇప్పుడే వచ్చావు, బీరువా ఎందుకు జరపడం. నడుం పట్టేస్తుంది," అంటూ అతను అడ్డం వెళ్ళబోయాడు.

ఆమె అప్పటికే ఒక మూల లాగి తొంగిచూసింది. తర్వాత గడియారం ఎత్తి దాని కింద కూడా చూసి, నిట్టూర్చి, ఫోన్ తీసింది.

"ఒరే తమ్ముడూ, మురికి బీరువా వెనక్కి కూడా పాకిందిరా. నెల చాలదు, రెండు నెలలకి బట్టలు సర్దుకో."