పై వాటా చుట్టాలు

తలకి సబ్బు పెట్టుకున్నాక కుళాయి ఆగిపోయింది. ఎల్లాజీ నడుముకి తువ్వాలు బిగించి, నురగ కళ్ళల్లోకి కారుతుండగానే మెట్లెక్కాడు. పై వాటా గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టాడు. ఐదు జతలు! అద్దెకున్నదే ముగ్గురు. అందులో మొగుడు పోర్టుకి డ్యూటీకి, కూతురు బడికి ఎప్పుడో వెళ్ళిపోయారు.

"అనూరాధా!" అని కేకేశాడు.

అద్దెకున్న అనూరాధ గరిటె చేత్తోనే బయటికొచ్చింది. ఇంటాయన తల చూసి నవ్వొచ్చింది కానీ, ముఖం చూసి ఆపుకుంది.

"ట్యాంకు ఖాళీ అయిపోనాది. పొద్దున్నే నిండా ఎక్కించినాను. ఏటమ్మా, తాగేసినారా?"

"మోటరు ఇప్పుడే ఏసేత్తాను బాబాయ్."

"మోటరు సంగతి తరవాత. ముందు ఈ సెప్పులు ఎవరెవరియో సెప్పు."

ఎల్లాజీ ఉక్కు ఫ్యాక్టరీలో టెక్నీషియన్. గోపాలపట్నంలో కట్టుకున్న ఇంటి మీద ఒక వాటా వేసి అద్దెకిచ్చి నాలుగు నెలలయింది. ఓనరుగిరీ కొత్త. మొదట్లోనే బిగించకపోతే నెత్తెక్కి కూర్చుంటారని తోటి ఉద్యోగులు నూరిపోశారు. నాలుగు నెలలు మొహమాటపడి, ఇవాళ నీళ్ళు ఆగిపోయిన ఊపులో బిగించడం మొదలుపెట్టాడు.

"ఇయ్యి?" అని కాలితో ఒక జత చూపించాడు.

"మా సిన్నాన్నయి బాబాయ్. కంటి ఆపరేషను."

"ఇయ్యి?"

"సిన్నాన్నకి తోడొచ్చినాయనయి."

"తోడుకొచ్చినోడు కూడా ఇక్కడే తిష్టా? మరి ఈ పెద్దయి?"

"మా ఆడబిడ్డ మావగారియి. కిడ్నీలో రాయంట. డాక్టరు గారు గురువారం రమ్మన్నారు."

"గురువారవా! ఇయ్యాల శనివారం!"

అనూరాధ తలొంచుకుంది. ఆమెవి పోను ఇంకో జత మిగిలింది. అరిగిపోయిన హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు.

"ఇయ్యెవరియి?"

అనూరాధ లోపలి గదికి వేలాడుతున్న కర్టెన్ వైపు ఒకసారి చూసింది.

"నిన్నే అడుగుతన్నాను."

"ఆవిడ ఒక్క రేత్తిరికే బాబాయ్. సాయంత్రం రైలుకి ఎలిపోతారు."

"ఎవరావిడ?"

"సెప్పొద్దన్నారు."

ఎల్లాజీకి ఒళ్ళు మండింది. నా ఇంట్లో, నాకు తెలియకుండా, పేరు కూడా చెప్పకూడని మనిషా? ఇంతలో కిందనుంచి భార్య ధనలక్ష్మి గొంతు వినిపించింది.

"ఏటంటాది? గట్టిగా అడగండి. పలాస రైలు దిగి పెద్దాసుపత్రికొచ్చినోళ్ళందరూ ఇక్కడికే వత్తన్నారు. ఇల్లా సత్రవా అని అడగండి!"

"ఇన్నావు కదా?" అన్నాడు ఎల్లాజీ అనూరాధతో. "నాను ముగ్గురికిచ్చినాను, మీ ఊరికి ఇవ్వలేదు. ఒకటో తారీకుకి ఖాళీ సేసీయండి."

అనూరాధ ముఖం పాలిపోయింది. "పిల్ల పదో తరగతి బాబాయ్. రెండు నెలల్లో పరీక్షలు. ఇప్పుడు ఇల్లు మారితే బడికి బస్సులు కూడా లెవ్వు. పరీక్షలయ్యేదాకా ఉండనీండి, మీకు పుణ్యముంటాది."

"ఉండండి, నానొద్దన్నానా? ఈ సుట్టాల్ని ఇయ్యాలే పంపించీ. మళ్ళీ ఎవర్నీ రానివ్వనని మాటియ్యి. నీ ఇట్టం వచ్చినన్నాళ్ళుండు."

ఆమె గరిటెని అటూ ఇటూ తిప్పింది. లోపల ఎవరో దగ్గారు. ఒప్పేసుకుంటుందని ఎల్లాజీ ధీమాగా నిలబడ్డాడు. కూతురి చదువు కంటే కంటి ఆపరేషను చిన్నాన్న ఎక్కువా?

"ఊర్నించి రోగంతో వచ్చినోళ్ళని ఎలిపొమ్మనడం నాకు సేతకాదు బాబాయ్," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. "ఖాళీ సేసేత్తాం. మా ఆయనకి నాను సెప్పుకుంటాను."

ఎల్లాజీకి జాలేసింది. నిజంగానే వేసింది. పదో తరగతి పిల్ల రోజూ కనబడితే గుడ్మార్నింగ్ అంకుల్ అంటుంది. కానీ జాలి చూపిస్తే ఓనరుగా లోకువైపోతానని, గొంతు ఇంకాస్త పెంచాడు.

"నాకు మాత్రం ఊరు లేదేటి? నాకు సుట్టాలు లేరేటి? నాలుగు నెలల్లో మావాళ్ళు ఒక్కరైనా వచ్చి మంచమేసినారా? మన పద్ధతి బట్టే జనం ఉంటారు. సర్లే, ముందు ఆవిణ్ణి పిలు. నాకు సెప్పకూడని ఆ పెద్దమనిషి ఎవరో నానూ సూత్తాను."

"వద్దు బాబాయ్, జొరంతో ఉన్నారు."

"పిలుత్తావా, నన్నే లోపలికి రమ్మంటావా?"

కర్టెన్ కదిలింది. ఎక్సరే కవరు చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ గురువమ్మ, ఎల్లాజీ తండ్రికి తోడబుట్టిన అక్క.

"అత్తా! నువ్వా?"

"నానేరా. ఆ పిల్లనేటీ అనకు. మీ మొగుడూ పెళ్ళాలకి మాటా మాటా వత్తాదని నానే సెప్పొద్దన్నాను."

"ఇదేటత్తా! నా ఇల్లుండగా వీళ్ళింట్లో ఉండడవేటి? తిన్నగా నా ఇంటికి రాకూడదా?"

"నీ ఇంటికే వచ్చినాను నాయినా. నిన్న సాయంత్రం కింద తలుపు కొడితే, నీ పెళ్ళాం తలుపైనా తియ్యకుండా 'ఆసుపత్రోళ్ళయితే పైకెళ్ళండి' అనీసింది."