ఎడమచేతి మెలిక

"గీ మూతను సోడా డ్రమ్ముల ఎవలేసిన్రు?"

తన షెడ్డులోంచి హనుమండ్లు వేసిన కేక రోడ్డవతల టీకొట్టు దాకా వినబడింది. ఎవరని అడిగాడే గానీ, జవాబు ఆయనే తేల్చేసుకున్నాడు. షెడ్డులో సామాన్లు కడిగేది రిబ్కమ్మ. నల్లగా మాడి, గుంటలు పడ్డ ఆ అల్యూమినియం మూత, డ్రమ్ములోంచి తీసింది తీసినట్టే, ఆమె చేతిలోనే ఉంది. ఇంకేం కావాలి?

ఆ మూత శ్యాంసుందర్ సారు పాత కారు ఇంజన్ మీదిది. తెల్లపొడి తేలిన ఇంజన్‌ను మళ్లీ తళతళలాడించేవాడు బోథ్‌లో హనుమండ్లు ఒక్కడేనని విని, సారు భైంసా నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. ఇప్పుడు పక్కనే నిలబడి మూత వంక దిగులుగా చూస్తున్నాడు.

ఇనుప సామాను జిడ్డు కోసే కాస్టిక్ సోడా డ్రమ్ములోకి, అల్యూమినియం సామాను చింతపులుసు తొట్టిలోకి. పులుసులో నానినదాన్ని మెత్తగా తోమి, కడిగి, ఆరాక పల్చగా మైనం పూస్తే మళ్లీ పొడి లేవదు. సోడాలో పడిందా, తినేస్తుంది. షెడ్డులో ఇది అందరికీ తెలిసిన సంగతే.

"ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, ఇనుమేందో అల్మినమేందో ఎరుక లేదా? నా పేరు మట్టిల కలిపినవ్. రేపటి సంది రాకు."

రిబ్కమ్మ మూతను బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, సద్దిగిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

హనుమండ్లు గొణుక్కుంటూనే మూతను తిరగేశాడు. బోల్టు రంధ్రంలో కట్టుతీగ ఇంకా వేలాడుతోంది. సామాన్లను డ్రమ్ములోకి దించడానికి కట్టే తీగ అది. దానికి మూడు మెలికలున్నాయి, మూడూ ఎడమచేత్తో తిప్పినవే. షెడ్డులో ఎడమచేతివాటం ఆయనొక్కడిదే.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న రిబ్కమ్మ ప్రార్థన ఉందని నాలుగింటికే వెళ్లిపోయింది. ఆ తర్వాత జిడ్డుపట్టిన మూతను ఇనుపదనుకుని డ్రమ్ములోకి దించింది తనే. ఈమధ్య కళ్లు మసకబారుతున్నాయి. ఆ మాట ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు.

తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే సారూ" అన్నాడు తలెత్తకుండా. సారు ఏమన్నాడో చెవికెక్కలేదు. అప్పటికే హనుమండ్లు రోడ్డు మీదికి ఉరికాడు.

రిబ్కమ్మ ఆటో కోసం నిలబడి ఉంది. హనుమండ్లు రొప్పుతూ వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"రిబ్కమ్మా, నేనే ఏసిన. నా కండ్లు మంచిగ కనవడతలేవు. గన్ని మాటలన్న, నీకు మొకం సూపెట్టలేకపోతున్న. తీగ మెలిక సూస్తే నా పనేనని నీకు ఎరుకే గదా, ఒక్క మాటన్న ఎందుకు చెప్పలే?"

రిబ్కమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"గా సారు ముంగట ఏమని చెప్పాలె అన్నా? దసరా కాడికెల్లి నువ్వు డ్రమ్ముల ఏసిన అల్మినం సామాన్లన్నీ, నువ్వు అటు మర్లంగనే తీసి పులుసుల ఏస్తనే ఉన్న. నిన్న ఒక్కనాడే జర జల్ది పోయిన."