మూడో కలుగు

వరాలు అనే పొలం ఎలుకకు ఏడాదిన్నర. ఏ గింజనైనా వాసన చూశాకే ఇంటికి తెస్తుంది. ఆ పొలంలో ఆలుమగలు తెచ్చినదంతా ఒకే కలుగులో పోసి, దాని మూతికి అడ్డంగా మగఎలుక పడుకోవడం ఆచారం.

ముసురు పట్టిన రోజు, నిండు చూలాలు వరాలు లోపలికి దూరి చూస్తే కలుగు ఖాళీ.

"గింజలేవయ్యా?"

"మా అన్నదమ్ములొచ్చారు, పెట్టాను. నలుగురిలో పరువుండొద్దా?" అన్నాడు మొగుడు బుచ్చెన్న, మీసం దువ్వుకుంటూ.

"నాకో మాట చెప్పొద్దా?"

"మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటే?"

"మొన్న మా అమ్మకి నాలుగు గింజలిస్తానంటే ‘నా కలుగు’ అన్నావు. ఖాళీ అయ్యాక మనదైందా? ఇకనుంచి పిల్లల తిండికి, వాన రోజులకి ఇద్దరం సమంగా పోసే కలుగొకటి. నీ పరువుకి నీదొకటి. నాకు నాదొకటి."

"కాపురం చీలిందని లోకం నవ్వుతుందే!"

"నవ్వనీ. నా పిల్లలకి లోకం పాలు ఇస్తుందా?"

బుచ్చెన్న ఒప్పుకోలేదు. ఆ ముసురులోనే వరాలు ఈనింది. పాలు చాలక ఒక పిల్ల చనిపోయింది.

వాన వెలిశాక వరాలు గట్టు మీద తన కలుగు తాను తవ్వుకుంది. పిల్లల తిండికని పాత ఉమ్మడి కలుగులో తన సగం పోయడం మాత్రం మానలేదు.