సున్నా గడి

పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ఆమె చేసే మొదటి పని సున్నా గడిని ఊడ్చేయడం.

ఆపదలో పడ్డ ఓడలు సిగ్నల్ పంపుతాయి. అందులోని అక్షాంశం, రేఖాంశం చూసి, అది సముద్రపు పటంలో ఏ గడిలో పడుతుందో చెప్పే ప్రోగ్రాం ఆమెదే. గడి తేలితే రక్షణ పడవలు బయల్దేరతాయి. చెడిపోయిన యంత్రాలకు మాత్రం తామెక్కడున్నాయో తెలియదు. రెండు చోట్లా సున్నా పెట్టి పంపేస్తాయి. లోకంలోని పాడు యంత్రాలన్నీ నడి సముద్రంలోని ఆ ఒక్క గడిలోకే వచ్చి పడతాయి. పొద్దున్నే ఆమె చెరిపేసేది వాటినే. ఆఫీసులో దాని ముద్దుపేరు చెత్తబుట్ట. ఈ సంగతి విని, ఓడ మీద పనిచేసే ఆమె తమ్ముడు పడీ పడీ నవ్వాడు.

ఆ రోజు ఆ గడిలో పడ్డ ఒక యంత్రం మరీ మొండిది. ఆగకుండా మొత్తుకుంటూనే ఉంది.

"నీ నోరు పడ!" అని విసుక్కుంది ఆమె. దాని సిగ్నల్ మళ్లీ రాకుండా ఆపేసి, టీకి వెళ్లింది.

మధ్యాహ్నానికి తమ్ముడి ఓడ జాడ తెలియడం లేదని కబురొచ్చింది.

అప్పట్నుంచి ఆమె కుర్చీ వదల్లేదు. ఓడ వెళ్లాల్సిన దారి వెంట ఒక్కో గడీ తెరిచి చూస్తోంది. అన్నీ ఖాళీ. ఏడుపు రావడం లేదు. వేళ్లు మాత్రం వాటంతటవే నంబర్లు కొడుతున్నాయి. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది.

"ఇంటికెళ్లి కాసేపు నడుం వాల్చమ్మా," అన్నాడు పెద్ద సారు.

"ఇంట్లో ఏం చేయను సార్? సిగ్నల్ పంపి ఉంటే నా ప్రోగ్రాం కళ్లుగప్పి పోదు. పంపలేదంటే వాడు బాగానే ఉన్నట్టు. అంతే కదా?"

ఆయన తలూపాడు. ఇంకేం చేయగలడు?

మర్నాడు సాయంత్రం తమ్ముడి భార్య ఆఫీసుకే వచ్చింది. ముఖం పీక్కుపోయింది. పక్కన కూర్చుని చాలాసేపు తెరకేసి చూసింది.

"అదేంటి వదినా, ఈ దారిలో వెతుకుతున్నారు? తుఫానని దారి మార్చారుగా! మీకు తెలుసనుకున్నా."

ఆమె వేళ్లు ఆగాయి.

"ఎటు మార్చారు?"

"నాకా లెక్కలు తెలీవు. మొన్న రాత్రి చివరిసారి ఫోన్లో ఆయన ఒకటే మాటన్నారు. ఎగతాళికి అన్నారనుకుని మీకు చెప్పలేదు వదినా."

"ఏమన్నాడు?"

"'రేపు పొద్దున్నకి మేం అక్క చెత్తబుట్టలో ఉంటాం, చూడకుండా ఊడ్చేయొద్దని చెప్పు' అన్నారు."