టార్చిలైటు ఏకాంబరం

"నాయనా, మెట్లు కనపడ్డం లేదు!"

మహిత చీకట్లో ఆగిపోయింది.

సినిమా అప్పుడే మొదలైంది. తెర మీద ఒక నక్క, ముళ్లపంది, కొండముచ్చు కలిసి పాత పోలీసు జీపును తోసుకుంటూ పోతున్నాయి. మొదటి భాగంలో అవి పేరుమోసిన దొంగలు. ఈ రెండో భాగంలో దొంగతనాలు మానేసి పని కోసం ఊరంతా తిరుగుతున్నాయి. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు.

మహిత తండ్రి సునీల్‌కుమార్‌కు సినిమా కన్నా ఆ థియేటరు మీదే ప్రేమ. చిన్నప్పుడు ఐరాల నుంచి వాళ్ల నాయన వెంట బస్సెక్కి తిరుపతికి వచ్చి, ఇక్కడే సినిమాలు చూసేవాడు. తెర లేచేటప్పుడు వెలిగే రంగుదీపాలు, విరామంలో కాగితం పొట్లంలో వేడి వేరుశనగలు, చీకట్లో నేల మీద గుండ్రంగా పడే టార్చి వెలుతురు... ఊళ్లో పాత థియేటర్లు ఒక్కొక్కటే కల్యాణ మండపాలైపోయాయి. ఇది మిగిలింది. టార్చి పట్టుకుని సీటు చూపించే మనిషి కూడా ఇక్కడింకా మిగిలాడు.

ఆ వెలుతురే ఇప్పుడు మహిత కాళ్ల ముందు పడింది.

"నిదానంగా రామ్మా. ఈడ మెట్టుండాది."

ఒక ముసలాయన చెయ్యి చాచాడు. మహిత పట్టుకుంది.

"తాతా, నువ్వు ఈ సినిమా సూసేసినావా?"

"దినమూ సూస్తా ఉండా."

"నక్కకు పని దొరుకుతుందా?"

"అది ఇప్పుడే చెప్పేస్తే నీకింకేముంటాది పాపా?"

సునీల్‌కుమార్ చీకట్లో నవ్వుకున్నాడు.

విరామంలో టీ దగ్గర గిరిప్రసాద్ కనిపించాడు. రేణిగుంటలో ఇద్దరూ ఒకే గోడౌన్లో పని చేస్తారు.

"ఆ టార్చి ముసలోడెవరో తెలుసునా నీకు?" గొంతు తగ్గించి అడిగాడు గిరిప్రసాద్.

"ఎవరు?"

"ఏకాంబరం. ఒకప్పుడు కొండమీద జనంలో గొలుసులు తెంపేవాడు. మా మామ కానిస్టేబులు కదా, ఆయనే ఒకసారి చూపించినాడు. పాప మెళ్లో గొలుసుండాది, జాగర్తబ్బా."

సునీల్‌కుమార్‌కు టీ చేదుగా తగిలింది.

విరామం అయిపోయి దీపాలు ఆరిపోగానే, టార్చి వెలుతురు మళ్లీ మహిత ముందుకొచ్చింది.

"రా పాపా, నక్క కత ఇప్పుడే..."

"చెయ్యి తియ్!"

సునీల్‌కుమార్ బిడ్డను లాక్కుని ఎత్తుకున్నాడు. టార్చి వెలుతురు పక్కకు జరిగి, ముసలాయన కాళ్ల మీదే నిలిచిపోయింది.

బిడ్డను గిరిప్రసాద్ పక్కన కూర్చోబెట్టి, సునీల్‌కుమార్ నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు.

"ఇట్లాంటోణ్ని పిల్లకాయలొచ్చే చోట ఎట్లా పెట్టుకున్నారు సార్?"

మేనేజరు కొత్తవాడు. కంగారుపడి ముసలాయనను పిలిపించాడు.

"ఈ సారు చెప్పేది నిజమేనా?"

"నిజమే సార్. జైల్లో ఉండొచ్చినా."

ముసలాయన టార్చిని బల్ల మీద పెట్టాడు. గడప దాటబోతూ ఆగాడు.

"ఎనక వరస కాడ మెట్టు ఇరిగుండాది సార్. పిల్లకాయలు పడతారు. రేపైనా బాగు చేయించండి."

స్కూటర్ మీద ఇంటికొస్తూ మహిత కథంతా చెప్పింది.

"కడాకు నక్కకు పని దొరికింది నాయనా! అందరూ దాన్ని నమ్మినారు."

"ఊఁ."

"మరి ఆ తాత ఎందుకు ఎళ్లిపోయినాడు?"

"ఆయన దొంగమ్మా."

"నక్క కూడా దొంగే కదా?"

"అది బొమ్మల సినిమా."

ఇంటికి చేరగానే మహిత అవ్వ ఒడిలో చేరి, జరిగిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

సునీల్‌కుమార్ తల్లి యశోదమ్మ వింటూ వింటూ తలెత్తింది.

"ఆయప్ప పేరేమన్నావురా?"

"ఏకాంబరం. కొండమీద గొలుసులు తెంపేవాడంట."

ఆమె పాపను పక్కన కూర్చోబెట్టి లేచింది.

"నన్ను ఆడికి తీసకపో."

"ఎందుకమ్మా?"

"ముందు పద."

వాళ్లు వెళ్లేసరికి థియేటరు ముందు సాయంత్రం ఆటకు జనం చేరుతున్నారు. ఏకాంబరం గురించి అడిగితే మేనేజరు తెలియదన్నట్టు చేతులు తిప్పాడు.

"వెనక రేకుల గదిలో ఉండేవాడమ్మా. మధ్యాహ్నమే ఖాళీ చేసేసినాడు. యాడికి పోయినాడో ఎవరికీ చెప్పలేదు. ఏం, మీదేమైనా పోయిందా?"

యశోదమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. సునీల్‌కుమార్ పక్కన కూర్చున్నాడు.

"నీ చిన్నప్పుడు కొండమీద గరుడసేవకు పోయినాం. జ్ఞాపకముండాదా?"

"ఉండాదమ్మా."

ఎందుకు ఉండదు? అతనికి గుర్తున్న వాటిలో అన్నిటికన్నా పాతది అదే. కింద ఎటు చూసినా తలలు, దివిటీల వెలుగులో కదిలొస్తున్న గరుడ వాహనం, చుట్టూ గోవింద నామాలు. అందరికన్నా ఎత్తులో తను.

"నాయన భుజాల మీద కూర్చోని సూసినాను."

"మీ నాయన ఆ ఏడు రాలేదురా."

సునీల్‌కుమార్ తల్లి ముఖంలోకి చూశాడు.

"పసిబిడ్డవి, నాయనే అనుకున్నావు. అట్లే అనుకోనీలే అని నేనూ చెప్పలా." యశోదమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నా మెళ్లో గొలుసు తెంపుకొని తప్పించుకున్నోడు, జనంలో తప్పిపోయి ఏడస్తా ఉన్న నిన్ను సూసి, నా బిడ్డవని గుర్తుపట్టి, భుజాలకెత్తుకొని నన్ను ఎతుక్కుంటా ఎనక్కొచ్చి పోలీసోళ్లకు చిక్కినాడు, ఆ ఏకాంబరం."