టీచరాట

ఎవరైనా చొరబడి కాల్పులు జరిపితే ఆపడానికని మా బడిలో కొందరు టీచర్లకి తుపాకులిచ్చారు. ఏ టీచరు దగ్గర ఉందో పిల్లలకి తెలియకూడదన్నది రూలు. నాలుగేళ్లుగా నాది కుడిపక్క, పమిట చాటున, లంగాకి కుట్టించుకున్న జేబులో ఉంటోంది. ఆ సంగతి హెడ్మాస్టరుకీ, జేబు కుట్టిన రమీజాబీకీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తుంటే, ముందుగదిలో మా అమ్మాయి లాస్య టీచరాట మొదలెట్టింది. అది మా బళ్లోనే, నా క్లాసులోనే, రెండో తరగతి. తువ్వాలు పమిటలా వేసుకుని, బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, "ఎవర్రా అక్కడ గుసగుసలు?" అంటోంది. అచ్చం నా గొంతే. నవ్వొచ్చింది.

అంతలో గాలికి వీధితలుపు ధడాలున కొట్టుకుంది. లాస్య మాట ఆపేసి తలుపుకేసి చూసింది. కుడిచెయ్యి తువ్వాలు కిందకి, నడుం దగ్గరికి పోయింది.

"ఎవరు నేర్పారే నీకది?"

"నువ్వే కదమ్మా! బంట్రోతు తాత తలుపు తోసినప్పుడల్లా నువ్వు అలాగే చేస్తావు. మా క్లాసులో అందరికీ వచ్చు."

వంటింటి గడప అవతల ఒక బొమ్మ బోర్లా పడుంది. దానికేమైందని అడిగాను.

"ఆలస్యంగా వచ్చింది. రెండు చేతులూ ఎత్తి 'మే ఐ కమిన్' అనకుండా వచ్చేసింది."

ఆ బొమ్మని తియ్యాలని గడప దాటబోయాను. లాస్య చెయ్యి మళ్లీ తువ్వాలు కిందకి పోయింది. నన్నే చూస్తోంది. ఆ చూపులో ఆట లేదు.

అట్లకాడతో సహా నా చేతులు రెండూ పైకి లేచాయి.

"మే ఐ కమిన్, టీచర్?" అన్నాను.